దొన నిండితే లగ్గం

నానక్‌రామ్‌గూడలో ఊరబావి గట్టు. వాన మొహం చూడని శ్రావణం, పొద్దున పూట. ఒకామె కొత్తగా వచ్చిన ప్రభుత్వ డాక్టరు ఉమాశ్రీ. గట్టెక్కి కూర్చున్నది బుచ్చమ్మ. ఎల్లుండి ఆమె మనవరాలి పెళ్లి.

“బాయికి తాళం వేస్తనంటె నేను బాయిల దుంకుత. ముందే చెప్తున్న, డాక్టరమ్మా.”

“మీరు దూకితే నీళ్లు ఇంకా పాడవుతాయండీ. దయచేసి గట్టు దిగండి, బుచ్చమ్మగారూ.”

“దిగ. ఎల్లుండి మా వెంకటలక్ష్మి లగ్గం. హఫీజ్‌పేట నుంచి పిల్లగాని చుట్టాలు లారీ కట్టుకొని వస్తరు. బాయికి తాళమేస్తె వాళ్ల కాళ్లు దేనితోని కడగాలె? గోలీసోడాతోనా?”

“తాళం వేస్తానని నేననలేదు. మా పై ఆఫీసు వాళ్లన్నారు. ఊళ్లో ఇంతమందికి వాంతులు, విరేచనాలు. ఎక్కడి నుంచి వచ్చాయో సాయంత్రంలోగా తేల్చు, తేల్చలేకపోతే బావి మూసెయ్ అన్నారు. అందుకే మిమ్మల్ని బతిమాలుతున్నాను. నేనడిగినవాటికి నిజం చెప్పండి చాలు.”

“నేనెప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?”

“నిన్న మీ ఇంట్లో జబ్బు ఎవరికీ లేదన్నారు. అప్పుడు మీ చేతిలో చెంబుంది.”

“చెట్లకు నీళ్లు పోద్దామని.”

“పరుగెత్తుకుంటూనా?”

“ఎండిపోతున్నయి గదా బిడ్డా. తొందర.”

“మూడుసార్లు వెళ్లారు, నేనున్నంతసేపట్లో.”

“మస్తు చెట్లున్నయి మాకు.”

“సరే, అదలా ఉంచండి. సరోజమ్మ, కమలమ్మ, మీరు, మీ కోడలు. జబ్బు పడ్డవాళ్లంతా ఆడవాళ్లే. అందరూ తాగేది ఈ బావి నీళ్లే కదా, మగవాళ్లకెందుకు రాలేదు?”

“మా మొగోళ్లు నీళ్లు యాడ తాగుతరు? కల్లు తాగుతరు.”

“పిల్లలు?”

“పిల్లలు బడిల తాగుతరు.”

“బడికి నీళ్లెక్కడివి?”

“గీ బాయియే.”

“మరి?”

“మరేంది? బాయి మంచిదని నువ్వే అంటున్నవ్ గదా. గదే రాసుకో. రాసుకొని చాయ్ తాగి పో.”

“మంచిదనే నాకూ అనిపిస్తోందండీ. కానీ బావి మంచిదని రాయాలంటే చెడ్డదేదో చూపించాలి. అదే నా తంటా. మీ ఆడవాళ్లంతా కలిసి, మగవాళ్లూ పిల్లలూ లేకుండా, ఎక్కడో ఏదో తిన్నారు. లేదా తాగారు.”

“తిననీకి ఏమున్నది మాకు? గంజి, గటుక.”

“నిన్న సరోజమ్మను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. సెలైన్ ఎక్కుతోంది. ఏం తిన్నావమ్మా అంటే నవ్వింది. పక్క మంచం మీద కమలమ్మ కూడా నవ్వడం మొదలెట్టింది. కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు తప్ప నోరు విప్పరు. బుచ్చమ్మనడుగు అంటారు.”

“వాళ్లకు నవ్వు ఆగదు, ఇంకోటి గూడ ఆగదు.”

“ఇద్దరూ కోలుకుంటున్నారు లెండి. సరోజమ్మయితే తలకాయ కూర కావాలంటోంది. ఇంకో విషయం. జబ్బు పడ్డ మగాడు ఒకే ఒక్కడున్నాడు. పేరు మొగిలి, అదిగో ఆ అద్దాల మేడ కంపెనీ వెనక గేటు దగ్గర వాచ్‌మన్. ఉండేది హఫీజ్‌పేటలో. ఈ బావి నీళ్లు ముట్టడు, ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకుంటాడు. మరి అతనికెందుకు వచ్చిందంటారు?”

“మొగిలికా? వానికి గూడ వచ్చిందా?”

“మీకు తెలుసా అతను?”

“తెలుసుడేంది. మా వెంకటలక్ష్మిని చేసుకునేటోడు వాడే గదా.”

“ఓహో. అదా సంగతి. అయితే అతను మీ ఇంటికొచ్చి భోంచేసి వెళ్తున్నాడు.”

“ఛీ ఛీ. లగ్గం కాకముందుకే ఇంటికెట్ల వస్తడు?”

“మరి మీ మనవరాలే అక్కడికి వెళ్తోందా?”

“అగో, ఆ మాట మల్ల అనకు. మా పిల్ల గడప దాటదు. … ఆగు. పోతది. అవును, పోతది. రాసుకో. దొంగతనంగ సద్ది పట్టుకపోయి పెట్టింది, ఆ సద్దిల ఏమో కలిసింది. దొరికింది గదా నీకు. ఇగ బాయిని ఇడిచిపెట్టు.”

“వెంకటలక్ష్మికి ఏ జబ్బూ లేదండీ. పొద్దున చూశాను, గుండ్రాయిలా ఉంది. ఆడపిల్ల మీద లేనిపోనివి చెప్పి మరీ దాస్తున్నారంటే, దాచేది చిన్నది కాదు.”

“నేనేం దాస్తలేను. నువ్వు ఆ కంపెనీ గోడ దిక్కు చూసుడు బంద్ చెయ్.”

“నేను చూడలేదు. మీరే చూస్తున్నారు, నేను వచ్చినప్పటి నుంచీ.”

“గోడ మీద కాకి ఉన్నది, దాన్ని చూస్తున్న.”

“మొగిలి వెనక గేటు తీశాడు. మిమ్మల్నందరినీ లోపలికి పంపాడు. అవునా?”

“ఎవలు చెప్పిండ్రు? సరోజమ్మనా?”

“మీరే. ఇప్పుడే.”

“అయ్యో, నా నోట్లె మన్ను వడ. జర కూసో బిడ్డా. గట్టు మీదనే కూసో. నేను నోరు తెరిస్తె పిల్లగాని నౌకరి పోతది. నౌకరి లేకుంటె లగ్గం ఎట్లయితది? నోరు మూసుకుంటె బాయికి తాళం పడుతది. అప్పుడు గూడ లగ్గం కాదు. రెండు దినాల సంది గిదే పరేషాన్. కడుపుల నొప్పి జబ్బుతోనా, ఫికర్‌తోనా నాకే తెలుస్తలేదు.”

“గేటు ఎవరు తీశారో నేను రాయను. మా అమ్మ మీద ఒట్టు. నాకు కావాల్సింది నీళ్ల సంగతే. ఆ గోడ లోపల మీకేం పనండీ?”

“మా బండ ఉన్నది.”

“బండా?”

“వాళ్ల గోడ నిన్న మొన్నటిది. బండ మా తాతల నాటిది. వాన పడకుంటె దాని మీద మేం వరదపాశం పోస్తం.”

“వరదపాశం అంటే?”

“మీ గోదారి దిక్కు లేదా? మీకు నీళ్లకు కొదవ లేదు, ఇగ మీకెందుకుంటది. బియ్యం, బెల్లం ఏసి పాశం వండుతం. బండ మీద పోస్తం. మోకాళ్ల మీద కూసొని, చేతులు యెనుకకు పెట్టుకొని, నాలికెతోని నాకుతం. అట్ల చూస్తె వాన దేవునికి జాలి పుట్టి వాన కొడతడు.”

“నాకుతారా?”

“నాకుతం.”

“బండని?”

“బండ మీది పాశాన్ని. నడుమ నడుమ బండ గూడ తగులుతది.”

“అంటే మీరంతా… ఆ కంపెనీలో… మోకాళ్ల మీద…”

“నవ్వుతున్నవా?”

“లేదండీ. లేదు. ఒక్క నిమిషం. దగ్గు.”

“నవ్వు, నవ్వు. మేం నవ్వలేదా? మొన్న ఆదివారం పోయినం. పెద్ద సార్లు ఎవలు లేరు. పని మీద వచ్చిన పిల్లలు అద్దాలకు ముక్కులు ఆనిచ్చి మమ్ములనే చూస్తున్నరు. ఒకడైతె మెడల టై కట్టుకొని కిందికే దిగొచ్చిండు. ఇదేం ఎక్సర్‌సైజ్ ఆంటీ అని అడిగిండు. నడుములకు మంచిది కొడుకా, నువ్వు గూడ వంగు అన్నది సరోజమ్మ.”

“వంగాడా?”

“టై భుజం మీదికి ఏసుకొని మరి వంగిండు. పాశం మస్తుగున్నది, ఇంకింత పొయ్యిమన్నడు.”

“అయ్యో రామా. ఇప్పుడెలా ఉన్నాడతను?”

“ఏమో. అప్పటి సంది కనిపిస్తలేడని మొగిలి చెప్పిండు.”

“మొగిలి ఇంటికి రాడన్నారు కదా?”

“గోడ అవుతల నుంచి చెప్పిండు.”

“సరే, పని చూద్దాం. పాశం ఎక్కడ వండారు?”

“మా ఇంట్ల. ఈ బాయి నీళ్లతోని. కుతకుత ఉడికిచ్చినం.”

“ఉడికింది కాబట్టి పాశం తప్పు కాదు. మీ పిల్లలూ మగవాళ్లూ ఇంట్లో మిగిలింది తిన్నారా?”

“గిన్నె గీకి గీకి తిన్నరు.”

“వాళ్లకేం కాలేదు. అంటే పాశం బండ మీద పడ్డాకే ఏదో అయింది. బండ మురికిగా ఉందా?”

“ఎందుకుంటది మురికి? మంచిగ కడిగినం.”

“దేనితో?”

“నీళ్లతోని.”

“ఏ నీళ్లతో?”

“నీళ్లు నీళ్లే గదా బిడ్డా. ఏ నీళ్లు అంటె ఏం చెప్పాలె?”

“బుచ్చమ్మగారూ.”

“దొనల నీళ్లతోని.”

“దొన అంటే ఏంటండీ?”

“బండ నెత్తి మీద పెద్ద గుంత. ఎవలు తవ్వలే, దేవుడు చేసిందే. వాన నీళ్లు అండ్ల నిలుస్తయి. ఆ నీళ్లతోనే బండ కడగాలె. ముందుగాల ఆ నీళ్లే తీర్థం తీసుకోవాలె. మా అత్త నాటి నుంచి గిదే పద్ధతి.”

“తీర్థమంటే తాగారా?”

“తాగినం. దోసిలి పట్టి తాగినం. గేటు తీసినోనికి పుణ్యం రావాలె గదా, మొగిలికి గూడ పోసినం. టై పిల్లగానికి గూడ.”

“దొరికింది. అమ్మయ్య, దొరికింది. … ఆగండాగండి. ఈ ఏడు చుక్క వాన లేదు. అందుకే కదా మీరు బండ నాకింది. మరి దొనలోకి నీళ్లెలా వచ్చాయి?”

“ఊట పడ్డది.”

“రాతి బండకి ఊటా?”

“పోచమ్మ తల్లి తలుచుకుంటె పడదా?”

“మీరు చూశారా?”

“నేను చూసుడు ఎందుకు? మొగిలి చూసిండు. అసలు నీకు ముచ్చట మొదటి నుంచి చెప్పాలె. నిరుడు గూడ దొన నిండలే. దొన ఎండిన ఏడు లగ్గం జేస్తె పిల్ల బతుకు గూడ అట్లనే అయితదని నాకు భయం. దొన నిండితేనే లగ్గం అని పట్టు పట్టిన. పాపం పిల్లగాడు వాన కోసం మొగులు దిక్కు చూసుకుంట ఏడాది తిరిగిండు. శనివారం తెల్లారంగ ఉరుక్కుంట వచ్చి, అవ్వా, దొన నిండింది అన్నడు. పంతులు మా అరుగు మీదనే ఉండె, అప్పటికప్పుడు ముహూర్తం పెట్టిచ్చిన.”

“అంత పొద్దున్నే పంతులుగారు మీ అరుగు మీద ఉన్నారా?”

“పంతులుకు నిద్ర పట్టదు. ఎండ కొడుతున్నది, చాయ్ తాగుదాం నడువు.”

“చాయ్ తర్వాత. ముందు బండ దగ్గరికి నడవండి.”

కంపెనీ వెనక గేటు. నీలం చొక్కా వాచ్‌మన్ మొగిలి, గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మేడం, బయటోళ్లను లోపటికి ఇడువద్దని ఆర్డరున్నది. … అవ్వా, నువ్వా? నువ్వు చెప్పేసినవా?”

“నేనేం చెప్పలేరా. అంతా ఆమెనే చెప్పింది. నేను అవునన్న.”

“ఒంట్లో ఎలా ఉంది మొగిలిగారూ?”

“మంచిగనే ఉన్నది మేడం. నిలవడితె మంచిగుంటది. నడిస్తెనే జర కష్టం.”

“ఇంట్లో పడుకోవచ్చు కదా.”

“ఇప్పుడు నాగ పెడితె లగ్గానికి సెలవు ఇయ్యరు.”

“మీరు గేటు తీసిన సంగతి నేనెక్కడా రాయను. నన్ను బండ దగ్గరికి తీసుకెళ్లండి. దొనలో నీళ్లు సీసాలో పట్టుకోవాలి.”

“దొనల నీళ్లెందుకు మేడం? అవి దేవుని నీళ్లు. ఊట నీళ్లు.”

“మీక్కూడా ఊట సంగతి చెప్పారా?”

“ఊటనే అని ఊరంతటికి చెప్పింది అవ్వనే గదా. నేను నిండింది అని మాత్రం అన్న.”

“వాని మాటలు పట్టుకోకు. కడుపు ఖాళీగున్నది, ఏదో ఒర్లుతడు. పైకి ఎక్కు బిడ్డా, కాలు జారుతది, పైలం.”

“చూశారా బుచ్చమ్మగారూ. చుట్టూ బండ కాల్చేస్తోంది. పగులు లేదు, తేమ లేదు. ఊటన్నది ఎక్కడా లేదు. కొంచెం వంగి వాసన చూడండి.”

“మందు వాసన. ఆ దినం గూడ వచ్చింది. దేవుని మందేమో అనుకున్నం.”

“మందు ఒక్కటే కాదు, కింద ఇంకో వాసన కూడా ఉంది. మొగిలిగారూ, అక్కడ చుట్ట చుట్టి పడేసిన పైపేంటి?”

“తోట పైపు మేడం. గడ్డికి నీళ్లు కొడుతరు.”

“ఈ బండ మీదిదాకా వస్తుందా?”

“రాదు మేడం. … గుంజితె వస్తది.”

“ఆ పైపు మొదట్లో, కుళాయి మీద బోర్డుంది. చూశారా?”

“చూసిన. ఇంగ్లీషుల ఉన్నది. కంపెనీ పేరనుకున్న. వాళ్లు ఎక్కడ జూసినా పేరు రాసుకుంటరు గదా.”

“పేరు కాదండీ. ఇవి మురుగు నీళ్లు, శుభ్రం చేసి తోటకు వాడుతున్నాం, తాగరాదు అని రాసుంది.”

“మురుగంటె?”

“మరుగుదొడ్లవి. ఈ మేడలో వాళ్లందరివీ ఒక ట్యాంకులోకి పోతాయి. అక్కడ వడకట్టి గడ్డికి పోస్తారు. వడకట్టడం సరిగ్గా జరుగుతున్నట్టు లేదు.”

“అంటె ఆ టై పిల్లలయా?”

“వాళ్లవే.”

“అవ్వా…”

“నా దిక్కు చూడకురా. నేను రెండు దోసిళ్లు తాగిన.”

“సరోజమ్మ పెద్దమ్మ సీసల గూడ పట్టుకపోయింది అవ్వా, తలాపుకు పెట్టుకుంట అని.”

“వామ్మో. ఆ సీసా సంగతి నాకు ముందే చెప్పాలి కదా. ఆసుపత్రిలో తలగడ పక్కన ఉన్నది అదేనా? నేను మంచినీళ్ల సీసా అనుకున్నాను.”

“నువ్వు తాగలే గదా?”

“లేదండీ. నర్సును ఇప్పుడే పంపి పారబోయిస్తాను. సరే. ఇక ఆఖరి ప్రశ్న. పైపు దానంతటది బండెక్కదు. ఎవరు పెట్టారు దొనలోకి?”

“గాలికి పడ్డది.”

“బుచ్చమ్మగారూ, ఆకు కదలట్లేదు వారం నుంచీ.”

“తోటమాలి పెట్టిండేమో. వాడు సగం పిచ్చోడు.”

“నేను మిమ్మల్ని అడగలేదు. మొగిలిగారిని అడుగుతున్నాను.”

“వాన్ని అడగకు. వానికి జ్వరం.”

“నేనే మేడం.”

“నోరు మూసుకో మొగిలీ.”

“లేదవ్వా, ఇగ దాచ. నేనే నింపిన. దొన నిండితెనే పిల్లనిస్త అంటివి. నిరుడు పాయె, ఈ ఏడు గూడ మొగులు లేకపాయె. పిల్లకు మియాపూర్ సంబంధం ఒకటి వచ్చిందని మా అన్న చెప్పిండు. ఆ రాత్రి అన్నం తినలే నేను. నాకు వెంకటలక్ష్మంటె పానం, అవ్వా. తోటమాలి తెల్లారంగ మోటరేసి చాయ్‌కి పోయిండు. పైపు కాళ్ల కాడనే ఉండె. మంచి నీళ్లే అనుకున్న. దేవుని దొన గదా, ఎట్ల నిండితేంది అనుకున్న. నీకు మోసం చేసిన. ఊరందర్ని పండవెట్టిన. ఇగ నువ్వు పిల్లను ఇయ్యనంటె అడగనీకి నాకు మొహం లేదు. కని దానికి నువ్వే చెప్పు. నాకు చెప్పనీకి చేతగాదు.”

“మొగిలిగారూ, ఏడవకండి. ఒంట్లో నీళ్లు అసలే తక్కువ.”

“ఆగుతలేవు మేడం.”

“ఇదిగో, ఈ పొడి కాచి చల్లార్చిన నీళ్లలో కలుపుకుని తాగుతూ ఏడవండి. బుచ్చమ్మగారూ, వినండి. కంపెనీ తోట పైపు నీళ్లు బండ గుంతలో నిలిచాయి, ఊరి ఆడవాళ్లు ఆ నీళ్లు తాగారు, ఊరబావికి సంబంధం లేదు. ఇదే నేను రాసేది. బోర్డు తెలుగులో కూడా పెట్టమని, ట్యాంకు బాగు చేయమని రాస్తాను. బావికి తాళం పడదు. పెళ్లిలో మాత్రం నీళ్లు మరిగించే ఇవ్వాలి. పైపు ఎవరు లాగారన్నది డాక్టరు పని కాదు, కాబట్టి నేను వినలేదు.”

“సల్లగుండు బిడ్డా. నీ కడుపు సల్లగుండ.”

“కానీ పెళ్లి సంగతి నా చేతిలో లేదు. దొన నిండితేనే అన్నారు మీరు. నిజానికి దొన నిండలేదు కదా.”

“అవ్వా, ఏమన్న అను. తిట్టు. కొట్టు.”

“ఎందుకు తిడుతరా? ఆ దినం తెల్లారంగ నేను చెంబు పట్టుకొని ఆ గోడ అవుతల పొదల కూసున్న. నువ్వు పైపు భుజాన ఏసుకొని బండెక్కుడు, జారి పడుడు, మోకాళ్లు దులుపుకొని మల్ల ఎక్కుడు, అంతా చూసిన. వాన దేవుడు నింపకుంటె మానె, నా పిల్ల కోసం బండ మీదికి నీళ్లు మోసేటోడు దొరికిండని, నువ్వు దిగక ముందుకే నేను పోయి పంతులును నిద్ర లేపిన.”